చుక్కల మందు కంట్లో వేసే ముందు

శ్రోతలకు నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే ఎక్కడో ఒకచోట కండ్లకలక వచ్చిందన్న కబురు వింటాం. 2023 జులై, ఆగస్టు నెలల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ బడుల్లో, హాస్టళ్లలో అది ఎంతమందిని పట్టుకుందో గుర్తుండే ఉంటుంది. కన్ను ఎర్రబడగానే మనం చేసే మొదటి పని మెడికల్ షాపుకి వెళ్లి "చుక్కల మందు ఇవ్వండి" అనడం. ఏ మందు, ఏ జబ్బుకి అని వాళ్లూ అడగరు, మనమూ అడగం.

ఇలా ఊరంతా పాకే కండ్లకలక చాలావరకు వైరస్ వల్ల వస్తుంది. మనం తెచ్చుకునే చుక్కల్లో తరచూ ఉండేది యాంటీబయోటిక్, అది చంపేది బ్యాక్టీరియాని. వైరస్ మీద దానికి పట్టు లేదు. వైరస్ కండ్లకలక ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, మంచి పేరు మాత్రం మనం వేసిన చుక్కలకు పోతుంది! అదే బ్యాక్టీరియా అయితే చిక్కటి పుసి, పసుపుగానో పచ్చగానో, తుడిచిన కాసేపటికే మళ్లీ చేరుతుంది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉంటాయి. నీళ్లు కారుతూ జలుబు కూడా ఉంటే వైరస్ కావచ్చు, విపరీతంగా దురద పెడితే అలర్జీ కావచ్చు. ఇవి గుర్తులే తప్ప ఖాయం కాదు. తేల్చాల్సింది కంటి డాక్టరే.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. మోక్సిఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, టోబ్రామైసిన్, ఇవన్నీ యాంటీబయోటిక్ మందులు. సీసా మీద వీటి పక్కనే డెక్సామెథాసోన్ అనో, ప్రెడ్నిసోలోన్ అనో రాసి ఉంటే అందులో స్టెరాయిడ్, అంటే వాపునీ ఎరుపునీ అణిచే మందు, కలిపారని అర్థం. బ్రాండు పేరు చివర ఒకటి రెండు అక్షరాల తేడాతో రెండు రకాలూ దొరుకుతాయి. స్టెరాయిడ్ ఉన్న మందు వేస్తే ఎరుపు త్వరగా తగ్గుతుంది. అందుకే జనానికి అది "మంచి మందు".

దానితో ప్రమాదం ఎలా వస్తుందో చూడండి. వరి కోసేటప్పుడు ఆకు కంటికి గీరుకుంటుంది. నూర్చేటప్పుడు పొట్టు ఎగిరి పడుతుంది. ఆ చిన్న గాయంలోంచి ఫంగస్ నల్లగుడ్డు పైపొరలోకి చేరుతుంది. మన పొలాల్లో పనిచేసేవాళ్లకి ఇది కొత్త జబ్బేమీ కాదు. ఫంగస్‌ని యాంటీబయోటిక్ ఏమీ చేయలేదు, దానికి నాటమైసిన్ లాంటి వేరే మందులున్నాయి. స్టెరాయిడ్ అయితే ఇంకా కీడు చేస్తుంది. కంటికి ఉన్న రక్షణను అణిచేస్తుంది కాబట్టి పైకి ఎరుపు తగ్గుతున్నట్టే ఉంటుంది, లోపల పుండు లోతుకు దిగుతుంది. చివరికి కంట్లో పువ్వు మిగిలిపోతుంది. డాక్టరు చూడకుండా ఇలాంటి చుక్కలు నెలల తరబడి వేసుకునేవాళ్లకి నీటికాసులు, శుక్లాలు వచ్చే ప్రమాదమూ ఉంది. కంట్లో ఆకో, గింజో, మట్టో పడ్డాక వచ్చిన ఎరుపుకి షాపు మందు వేయకండి. ఈ ఒక్క మాట పొలం వెళ్లేవాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను.

సరే, డాక్టరు చూసి యాంటీబయోటిక్ చుక్కలే రాశారనుకుందాం. కొన్ని సీసాలకు మూత లోపలే సన్నటి ముల్లు ఉంటుంది. మూతను చివరిదాకా బిగిస్తే అదే కన్నం పెడుతుంది. మనవాళ్లు పిన్నీసు తీసి పొడుస్తారు. పిన్నీసుకున్న మురికి మందులో కలుస్తుంది, కన్నం పెద్దదై చుక్కకు బదులు ధార పడుతుంది.

చేతులు సబ్బుతో కడుక్కుని, తల వెనక్కి వంచి, కింది రెప్పను కాస్త లాగి, ఆ సందులో ఒక్క చుక్క వేయండి. రెండోది అనవసరం. కంట్లో పట్టేదే సుమారు 30 మైక్రోలీటర్లు, ఒక్క చుక్కే అంత ఉంటుంది, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. మిగిలింది చెంప మీదకే. వేశాక కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టండి. లేకపోతే మందు ముక్కులోకి జారిపోతుంది. గొంతులో చేదు తగిలేది అందుకే. ఇంకో చుక్కల మందు కూడా ఉంటే ఐదు నిమిషాలు ఆగాలి, ఆయింట్‌మెంట్ ఉంటే అది అన్నిటికన్నా చివర.

సీసా కొన రెప్పకు గానీ వేలికి గానీ తగలకూడదు. యాంటీబయోటిక్ సీసాలో క్రిములెలా బతుకుతాయంటారా? ఆ మందుకు లొంగనివి హాయిగా బతుకుతాయి. 2023లో అమెరికాలో కళ్లు పొడిబారితే వేసుకునే కృత్రిమ కన్నీటి చుక్కలు కలుషితమవడం వల్ల, మందులకు లొంగని సూడోమోనాస్ బ్యాక్టీరియా 80 మందికి పైగా సోకింది. 14 మంది చూపు పోయింది, నలుగురు చనిపోయారు. చుక్కల సీసాని తేలిగ్గా చూడొద్దనడానికే ఇది చెప్పాను.

సీసా మీది ఎక్స్‌పైరీ తేదీ మూత తీయని సీసాకి. తీశాక మామూలుగా నాలుగు వారాలే, కొన్నిటికి ఇంకా తక్కువ. తెరిచిన తేదీ పెన్నుతో రాసి పెట్టుకోండి. పోయినేడాది మందు ఫ్రిజ్ తలుపులో ఉంటే పారేయండి. ఒకరి సీసా ఇంకొకరు వాడొద్దు, తువ్వాలు కూడా. ఎరుపు తగ్గిందని రెండో రోజే మానేయకుండా, డాక్టరు చెప్పినన్ని రోజులు వేయండి. నందివర్ధనం పూలు, ఆముదం, చనుబాలు... చల్లగా అనిపిస్తాయేమో గానీ కంట్లోకి మాత్రం వద్దు.

కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు కన్ను ఎర్రబడగానే లెన్స్ తీసేసి డాక్టరుకి చూపించాలి. నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా ఆగకండి. చుక్కలు వేసి రెండు మూడు రోజులైనా గుణం కనపడకపోతే మళ్లీ వెళ్లండి. నెల లోపు పసిగుడ్డు కళ్లు పుసి కడితే మాత్రం ఇంట్లో ఏదీ వేయకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

సెలవు.