ఓరచూపుకు అందం తెలుస్తుందా?

[ప్రారంభ సంగీతం]

మాధవి: అందరికీ నమస్కారం. ఈ వారం విషయం, ఓరచూపుకు అందం తెలుస్తుందా అని. రఘూ, ముందు ఆ కొలత టేపు పక్కన పెట్టు.

రఘు: పెట్టను. స్క్రీనుకి 57 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే, దాని మీద ఒక సెంటీమీటరు కంటికి ఒక డిగ్రీ కోణం. ఆ లెక్క లేకపోతే "పక్కన" అంటే ఎంత పక్కన?

మాధవి: విన్నాం, విన్నాం. అసలు ప్రశ్నకి జవాబు, తెలుస్తుంది. ముఖాన్ని నేరుగా చూడకపోయినా అందంగా ఉందో లేదో కొంతవరకు పట్టగలం. చూపు మధ్య నుంచి దూరం పెరిగేకొద్దీ కష్టమవుతుంది. ఇక...

రఘు: ఇక క్వీన్స్‌లాండ్.

మాధవి: వచ్చేశాడు!

రఘు: ఎలా వదలమంటావ్? 2011లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు టాంజెన్, మర్ఫీ, థాంప్సన్ ఓ దృష్టి భ్రమను ప్రకటించారు. ఫోటోల్లో కళ్లు ఒకే చోటికి వచ్చేలా సర్ది, ముఖాలను చకచకా మారుస్తారు. మధ్యలో గుర్తు మీదే చూపు నిలిపితే, పక్కనున్న చక్కటి ముఖాలు వికారంగా మారిపోతాయి. నుదురు కాస్త పెద్దదైతే మరీ పెద్దదైపోతుంది.

మాధవి: మసక వల్ల కాదా? చేయి చాచి చూస్తే బొటనవేలి గోరంత మేర, సుమారు 2 డిగ్రీలే బాగా స్పష్టం. మిగతాదంతా మసకే.

రఘు: కాదు! 2019లో బౌడెన్, విటకర్, డన్ అనే పరిశోధకులు సరిగ్గా అదే పరీక్షించారు. పక్కచూపు ఎంత మసకో దాదాపు అంతే మసక చేసి, ముఖాల్ని నేరుగా చూపించారు. వికారం పక్కచూపులోనే చాలా ఎక్కువ.

మాధవి: మసక చేసిన ముఖాల్లోనూ ప్రభావం కనిపించింది కదా. అది దాటేస్తావేం?

రఘు: దాటెయ్యట్లేదు, అది చాలదంటున్నా. క్రౌడింగ్ చూడు, అంటే పక్కపక్కనున్నవి ఒకదాన్నొకటి గుర్తుపట్టనివ్వకపోవడం. 10 డిగ్రీల పక్కనున్న అక్షరానికి దాదాపు 5 డిగ్రీల లోపు ఇంకో అక్షరం ఉంటే గుర్తుపట్టడం కష్టమని బౌమా అనే పరిశోధకుడు 1970లోనే చూపించాడు. ముఖంలో కన్ను, ముక్కు, నోరు అంతకంటే దగ్గర. అన్నీ కలగలిసిపోతాయి.

మాధవి: కలగలిస్తే గజిబిజి కావాలి, నుదురు పెరగడమెందుకు? ఒకే ముఖాన్ని కదలకుండా పక్కన పెడితే రాక్షసుడు కనబడడే! మెదడు ముందొచ్చిన ముఖాలతో పోలుస్తోంది. ఆ వరుస లేకపోతే ఏమీ లేదు.

రఘు: ...వరుస సంగతి నిజమే. కానీ ఆ పోలిక ఓరచూపులో ఎందుకంత రెచ్చిపోతుంది?

మాధవి: మూడు కారణాలు ఉండొచ్చు. ఏది ఎక్కడుందో ఖచ్చితంగా తెలియకపోవడం, శ్రద్ధ తగ్గడం, నీ క్రౌడింగ్. మూడిట్లో ఒక్కటే పట్టుకుని లాగకు.

రఘు: సరే, లాగను. చేసి చూసేవాళ్లకి చెప్తా. నేరుగా చూస్తున్న ముఖాల ఫోటోలు ఓ 30 తీసుకోండి. రెండు కనుపాపలూ ప్రతి ఫోటోలో ఒకే చోట పడాలి. తల చివర చూసి సర్దితే కళ్లు ఎగిరెగిరి పడతాయి, మార్పు సరిగ్గా తెలీదు. సెకనుకి 4, 5 ముఖాలు. 60 హెర్ట్జ్ స్క్రీన్, అంటే సెకనుకి 60 ఫ్రేములు చూపేదాని మీద ఒక్కోటి 12 నుంచి 15 ఫ్రేములు. మధ్యలో ఖాళీ ఫ్రేము పెట్టకండి.

మాధవి: చూపు జారితే?

రఘు: నేరుగా చూసిన క్షణంలోనే మామూలు ముఖమైపోతుంది. అందుకే గుర్తు చిన్నదిగా, ముదురు రంగులో ఉండాలి.

మాధవి: ఫోన్లో చేస్తే?

రఘు: నిలువుగా వద్దు. అడ్డంగా తిప్పి 30 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే, 15 సెంటీమీటర్ల స్క్రీన్ చివర్లు అటూ ఇటూ 14 డిగ్రీలు వస్తాయి. 57 దగ్గరైతే...

మాధవి: టేపు లోపల పెట్టు, టైమైపోయింది.

రఘు: ఏడున్నర డిగ్రీలేగా, ఒక్క లెక్క...