తాగొచ్చిన మొగుడా, దయచెయ్యి

అందరికీ నమస్కారం. పొద్దున ఏడింటికే ప్రసంగం పెట్టమని పట్టుబట్టింది నేనే. ఎందుకో చివర్లో చెబుతాను, తిట్టుకోకండి.

ఈ చిన్న కుండీ చూడండి. ఆకులు వడ్లగింజంత కూడా లేవు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్నాయి. దీన్ని సెడమ్ ఆక్రే అంటారు. మన నర్సరీల్లో అడిగితే 'సక్యులెంట్ అండీ' అని, అంటే ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కని చెప్పి, ఊరుకుంటారు. పుట్టింటి వైపు, యూరప్‌లో, దీని పేర్లకు కొదవ లేదు. రాళ్లమీద పెరుగుతుంది కాబట్టి స్టోన్‌క్రాప్. ఆకు కొరికితే నాలుక చురుక్కుమంటుంది కాబట్టి గోడ మిరియం. ఇంగ్లండ్ పల్లెల్లో ఇంకో పేరుంది: 'ఎంత తాగొచ్చినా సరే, ఇంటికి దయచెయ్యి మొగుడా'. నేను కల్పించింది కాదండీ! ఆ పేరు పెట్టినావిడ ఎవరోగానీ ఆవిడ ఓపికకు దండం.

సెడమ్‌లలో నాలుగు వందలకు పైగా జాతులున్నాయి. మెక్సికో నుంచి వచ్చిన 'గాడిద తోక' అనే సెడమ్‌ను మీలో చాలామంది బాల్కనీలో వేలాడదీసే ఉంటారు. చెయ్యి తగిలితే చాలు, జలజలా రాలుతుంది. ఊడ్చి పారేయకండి, రాలిన ఆకు మట్టిమీద పడితే వేరు పోసుకుంటుంది. నిటారుగా పెరిగే పెద్దాకుల రకాలను శాస్త్రజ్ఞులు విడదీసి హైలోటెలిఫియం అన్నారు. అది నోరు తిరగకో ఏమో, ట్యాగుల మీద ఇంకా సెడమ్ అనే రాస్తున్నారు.

తెలుగులో వీటికి పేరు లేదుగానీ చుట్టం ఉంది: మన రణపాల. చిన్నప్పుడు పుస్తకంలో ఆకు దాచి, అంచున పిలకలు వచ్చాయా అని రోజూ తెరిచి చూశాం కదా, అదే. దాని సొంతూరు మడగాస్కర్. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోట బాగోగులు చూసుకున్న బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1813 నాటి ఉత్తరంలో ఒక వింత రాశాడు: ఈ ఆకు పొద్దున పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి చప్పబడిపోతుంది, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుంది.

ఎందుకంటే, నీళ్లు ఆవిరి కాకుండా ఈ కుటుంబం మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్ పీల్చి, దాన్ని మాలిక్ ఆమ్లం అనే పుల్లటి పదార్థంగా దాచుకుంటాయి. తెల్లారాక ఎండలో ఆ దాచిందంతా ఖర్చుపెట్టి పిండిపదార్థం చేసుకుంటాయి.

అందుకే ఏడింటికి రమ్మన్నాను. బల్లమీద రణపాల ఉంది. గోరంత ముక్క నమిలి ఉమ్మేయండి, మింగొద్దు. తర్వాత కుండీని ఎండలో పెట్టిస్తాను. భోజనాల ముందు అదే కొమ్మది ఇంకో ముక్క.