సీటు దాకా తోడు వచ్చేదెవరు?

శ్రోతలందరికీ నమస్కారం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెద్ద చదువులకు చోటు లేదని ఇప్పుడు అనలేం. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. ట్రిపుల్ ఐటీ కూడా ఆ మండలంలోనే ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది, 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. అయినా ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకుని, ఎక్కడా చేరకుండా ఇంటి దగ్గర ఉండిపోయిన పిల్లలు నాకు ఏటా కనిపిస్తూనే ఉన్నారు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి వాళ్ల గురించే చెప్పాలని వచ్చాను.

పలాస వైపు ఒక అమ్మాయి. తల్లి జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. జీడి సొనకి చేతులు నల్లబడి, వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఫీజు పథకం పనిమీద వెళితే మెషీను మీద ఆవిడ వేలిముద్ర పడలేదు. చెయ్యి కడుక్కొచ్చి పెట్టింది, చీర చెంగుతో తుడిచి పెట్టింది, పడలేదు. "పన్లోకి ఎల్లడం మానేస్తే సేతులు బాగవుతాయి బాబూ, మానేస్తే రోజెలా గడుస్తాది?" అంది. కనుపాపతో కూడా ఆధార్ సరిచూడవచ్చని అక్కడ ఆవిడకి చెప్పినవాళ్లు లేరు. ఆ ఒక్క మాట తెలియక కూతురి పని ఆగిపోయింది.

వలస కుటుంబాలది ఇంకో తంటా. తండ్రి కూలికి హైదరాబాదో విజయవాడో వెళితే పిల్లవాడి చదువు రెండు మూడు బడుల్లో సాగుతుంది. మన దగ్గర 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికుడని తేలాలంటే ఏ తరగతి ఎక్కడ చదివాడో స్టడీ సర్టిఫికెట్లు చూపించాలి. ఆ కాగితాల కోసం ఊరు మారి ఊరు తిరిగితే ఆ ఇంటికి కూలి పోయినట్టే.

కావలసిన కాలేజీల పేర్లు కంప్యూటర్లో ఎంచుకునే వెబ్ ఆప్షన్ల దగ్గర పిల్లలు మరీ నష్టపోతున్నారు. మార్కులు, ర్యాంకుతో పాటు ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అన్న వరసని కూడా చూసి సీటు ఇస్తారు. చాలామంది పిల్లలు ఆ వరసని నెట్ సెంటర్ అబ్బాయికి వదిలేస్తున్నారు. నాలుగు కాలేజీలు పెట్టి ఊరుకుంటే అసలు సీటే రాకపోవచ్చు. తర్వాత మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంటు ఉండదు, అప్పు చెయ్యాల్సిందే.

ఒక మంచి పద్ధతి మన ఎచ్చెర్లలోనే ఉంది. ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీద సీట్లిస్తారు. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివిన పిల్లల మార్కులకు 4 శాతం కలిపి చూస్తారు. ఇది దయాదాక్షిణ్యం అని కొందరంటారు. నేను ఒప్పుకోను. ట్యూషన్ లేకుండా, సాయంత్రం ఇంటిపని చేసి, తమ్ముణ్ణి చూసుకుంటూ తెచ్చుకున్న మార్కుల వెనక ఎక్కువ కష్టం ఉంది. ఆ కష్టాన్ని లెక్కలోకి తీసుకోవడం న్యాయం. తక్కిన ప్రవేశాల్లోనూ ఇలాంటి లెక్క ఉండాలని నా గట్టి నమ్మకం.

చేరాక కూడా తోడు కావాలి. 2021 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మారింది. సీతంపేట కొండల్లోంచి వచ్చిన సవర పిల్లవాడికి తెలుగే రెండో భాష. మన శ్రీకాకుళం మనిషి గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్ల కిందటే సవర నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆ ఓపికలో కొంతైనా మా లెక్చరర్లు మొదటి సెమిస్టర్లో చూపించాలి. పాఠం ఒకసారి తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషులోకి వెళితే ఆ కుర్రాడు వెనక బెంచీ వదిలి ముందుకొస్తాడు. నా క్లాసులో చూశాను.

మీ ఊళ్లో డిగ్రీ చదువుతున్న పిల్లలున్నారా? రిటైరైన మాస్టారున్నారా? ఇంటర్ ఫలితాలొచ్చిన వారంలోనే కుల, ఆదాయ ధ్రువపత్రాలకు దరఖాస్తు పెట్టించమనండి. ఆప్షన్లు పెట్టే రోజుల్లో సచివాలయం దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చోమనండి. కాలేజీల పేర్లు ముందు కాగితం మీద వరసగా రాయించి, అమ్మానాన్నలకి చదివి వినిపించి, ఆ తర్వాతే కంప్యూటర్లో ఎక్కించాలి. చివరి రోజు దాకా ఆగొద్దు, ఆ రోజు సర్వర్ పనిచెయ్యకపోవచ్చు.