టేపు పట్టండి, రశీదు అడగండి

వేదిక మీది పెద్దలకు, సామాజిక తనిఖీకి ఎంపికై వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువాలు భోజనాల తర్వాత చూసుకుందాం.

ఉపాధి హామీ పనుల్ని తనిఖీ చేసే హక్కు 2005 చట్టం 17వ సెక్షన్ గ్రామసభకే ఇచ్చింది. ప్రభుత్వ లెక్కల్ని తనిఖీ చేసే కాగ్‌ను సంప్రదించి 2011లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఆరు నెలలకు కనీసం ఒకసారి తనిఖీ జరగాలి. గ్రామసభ జరగడానికి 15 రోజుల ముందే రికార్డుల నకళ్లు తనిఖీ బృందానికి అందాలి. "ఆపరేటర్ సెలవులో ఉన్నాడు, రేపు రండి" అంటారు. సరేనని వచ్చేయకండి. ఆ మాటే తేదీ వేసి రాసి, ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకోండి.

ఇంటింటికీ తిరిగేటప్పుడు మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, సంచిలోనే ఉంచండి. "పనికెళ్లావా అమ్మా?" అంటే ఎవరైనా వెళ్లాననే అంటారు. ఏ పని, ఎక్కడ, పక్కన ఎవరు తవ్వారు, ఎన్నాళ్లు? ఇవి అడిగాకే మస్టరు తీసి, పాస్‌బుక్‌తో సరిచూడండి. పని చేయకుండానే డబ్బు పడిందంటే అందులో వాటా ఎవరికి పోయిందన్నది అసలు ప్రశ్న. అక్కడ నోరు పెగలదు. తొందరపెట్టకండి. చెప్పింది రాసి, చదివి వినిపించి, అప్పుడే వేలిముద్ర తీసుకోండి. లేకపోతే తనిఖీలో తేలినవి అందరి ముందూ చదివే ప్రజావేదికలో ఆ మనిషే "నేనలా అనలేదు" అంటుంది.

ఇక కొలతలు. చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్‌లో కాలువ వంద మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు అని ఉంటే 50 ఘనపు మీటర్లు. మీ టేపుకి లోతు 0.3 వస్తే 30. తేడా 20. వెంటనే వచ్చే జవాబు: "వానకి పూడిపోయింది." నిజమూ కావచ్చు! అందుకని ఒక్కచోటే కొలవకండి. పది మీటర్లకోసారి టేపు దింపండి, అడుగున కొత్త ఒండ్రు ఉందేమో గడ్డపారతో గుచ్చి చూడండి, ఎంత లోతు తవ్వారో తెలిసేలా ఆనవాలుగా వదిలిన మట్టి దిమ్మ ఉందో లేదో చూడండి. గట్టు మీది మట్టితో లెక్క కట్టేవాళ్లు జాగ్రత్త: తవ్విన మట్టి గుల్లబారి ఎక్కువ చోటు పడుతుంది.

ఇంతవరకు మీకు శిక్షణలో చెప్పేవే. నా బాధ వేరు. ప్రజావేదిక మీద మైకులో "రికవరీ చేస్తాం" అంటారు, చప్పట్లు మోగుతాయి. ఎవరి నుంచి, ఎంత, ఎప్పటిలోగా? రాసుకున్నవాళ్లుండరు. ఆరు నెలలకు మళ్లీ వెళ్తే నివేదికలో అదే పేరా, అదే ఫీల్డ్ అసిస్టెంటు. 2005 చట్టం 25వ సెక్షన్‌లో పెట్టిన జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా వెయ్యి రూపాయలు! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తనిఖీ కోసం 2009లో ప్రత్యేక సొసైటీయే పెట్టుకున్నాం. పట్టుకోవడం బాగానే నేర్చాం, వసూలు చేయడమే రాలేదు.

వెనక కూర్చున్న ఎంపీడీవో గారూ, మిమ్మల్నే. ప్రజావేదిక ముగిసేలోపు నిర్ణయాల ప్రతి మీద మీ సంతకం కావాలి. అందులో పేరు, మొత్తం, గడువు ఉండాలి. తనిఖీ మిత్రులారా, మరోసారి ఆ ఊరికి వెళ్లినప్పుడు మొదటి రోజు కొత్త మస్టర్లు ముట్టుకోకండి. పాత రికవరీ సొమ్ము ఖాతాలో జమైన రశీదు అడగండి. రశీదు లేకపోతే మీ కొత్త నివేదికలో మొదటి పేరా అదే.