బొగ్గు బెల్టు వేగం ఎప్పుడు తగ్గించాలి, ఎలా తగ్గించాలి

[దృశ్యం: థర్మల్ విద్యుత్ కేంద్రంలో పొడవైన కన్వేయర్ గ్యాలరీ. బెల్టు మధ్యలో పలుచటి చారలా బొగ్గు. కెమెరా నెమ్మదిగా బెల్టు అంచు వైపు జరుగుతుంది.]

ఈ బెల్టును ఒక్కసారి పరిశీలనగా చూడండి. వెడల్పు 1200 మిల్లీమీటర్లు. నిండుగా పోస్తే గంటకు 1200 టన్నుల బొగ్గు మోయగలదు. ఇప్పుడు దాని మీద ఉన్నది అందులో సగమే. అయినా బెల్టు పూర్తి వేగంతోనే తిరుగుతోంది. సగం ఖాళీ బెల్టునూ, దాని కింద వందలాది రోలర్లనూ తిప్పడానికి కరెంటు ఖర్చవుతూనే ఉంది.

ఇది చూసిన ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన ఒకటే: వేగం తగ్గిస్తే పోదా? తగ్గించవచ్చు. కానీ పద్ధతి తప్పితే కరెంటు మిగలకపోగా ఒక బెల్టు నుంచి మరో బెల్టు మీదకు బొగ్గు జారే గొట్టం, అంటే చ్యూట్, పూడిపోతుంది, బెల్టు పక్కకు జరుగుతుంది, ఒక్కోసారి నిప్పు కూడా అంటుకుంటుంది. ఈ వీడియోలో ఆ పద్ధతి చూద్దాం.

[దృశ్యం: హాపర్ (బొగ్గు తొట్టి) కింద ఫీడర్ నుంచి బెల్టు మీదకు బొగ్గు పడుతున్న దగ్గరి చిత్రం.]

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. బెల్టు వేగం పెంచితే టన్నులు పెరుగుతాయని చాలామంది అనుకుంటారు. పెరగవు. వడ్డించేది ఫీడరు, మోసుకెళ్లేది బెల్టు. ఫీడరు గంటకు 600 టన్నులు వదిలితే, బెల్టు వేగంగా తిరిగినా నిదానంగా తిరిగినా ఆ చివర పడేది 600 టన్నులే. మారేది బెల్టు మీద బొగ్గు మందం మాత్రమే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. హాపర్ నోటికి ఆనుకుని, బొగ్గును తానే లాక్కునే బెల్టు ఫీడర్ల సంగతి వేరు. బాయిలర్ దగ్గర మిల్లులకు బొగ్గు అందించే తూకం ఫీడర్లు ఈ కోవలోవే. అక్కడ వేగం పెంచితే బొగ్గు పెరుగుతుంది. యంత్రాలు చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి కొత్తగా చేరిన వాళ్లు రెండింటినీ కలిపేసుకుంటారు.

[దృశ్యం: తెల్ల బోర్డు మీద లెక్క.]

ఇప్పుడు లెక్క. బెల్టు మోయగల సామర్థ్యం తెలియాలంటే నాలుగు అంకెలు గుణించాలి: బెల్టు మీద సరుకు అడ్డుకోత వైశాల్యం, బెల్టు వేగం, సరుకు సాంద్రత, గంటలోని 3600 సెకన్లు. మన బెల్టు మీద నిండుగా పోసిన బొగ్గు అడ్డుకోత 0.15 చదరపు మీటర్లు అనుకుందాం. వేగం సెకనుకు 2.8 మీటర్లు. బొగ్గు సాంద్రత ఘనపు మీటరుకు 0.8 టన్ను. గుణిస్తే గంటకు సుమారు 1210 టన్నులు వస్తుంది.

ఇందులో సాంద్రతను తేలిగ్గా తీసుకోకండి. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో విశాఖ రేవుకు ఇనుప ఖనిజం వస్తుంది. దాని సాంద్రత బొగ్గుకు దాదాపు మూడు రెట్లు. బొగ్గు కోసం కట్టిన బెల్టు మీద అదే మందంలో ఖనిజం పోస్తే, మీటరుకు పడే బరువూ మూడింతలవుతుంది. కళ్లకు బెల్టు అంతే నిండినట్టు కనిపిస్తుంది, మోటారుకు మాత్రం ప్రాణం మీదకు వస్తుంది. అందుకే వేగం తగ్గించే ముందు బెల్టు నిండిందా లేదా అన్నది కంటితో చూసి తేల్చకూడదు. మీటరుకు ఎన్ని కిలోలు పడుతోందో లెక్క వేయాలి.

ఆ లెక్క సులువే. గంటకు టన్నులను 3.6తో, ఆపైన వేగంతో భాగించాలి. 600 టన్నులు, 2.8 మీటర్ల వేగం అయితే మీటరుకు 60 కిలోలు. వేగాన్ని 1.6 మీటర్లకు దించితే మీటరుకు 104 కిలోలు. ఈ బెల్టు నిండుగా మోసేది మీటరుకు 120 కిలోలు. అంటే 1.6 దగ్గర ఇంకా కాస్త జాగా మిగిలింది. ఆ జాగా ఉండాల్సిందే, ఎందుకంటే ఫీడరు నుంచి బొగ్గు ఎప్పుడూ ఒకే ధారగా పడదు.

[దృశ్యం: డ్రైవ్ హెడ్. మోటారు, గేర్‌బాక్స్, రబ్బరు పూత వేసిన డ్రమ్ము.]

ఈ 2.8 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చింది? మోటారు నిమిషానికి 1480 చుట్లు తిరుగుతుంది. గేర్‌బాక్స్ దాన్ని 18వ వంతుకు తగ్గిస్తుంది, అంటే 82 చుట్లు. డ్రమ్ము చుట్టుకొలత రబ్బరు పూతతో కలిపి 2.05 మీటర్లు. 82ను 2.05తో గుణించి 60తో భాగిస్తే 2.8 వస్తుంది.

కాగితం మీద వచ్చిన ఈ అంకెను సైటులో సరిచూసుకోవడానికి పరికరం కూడా అక్కర్లేదు. 500 మీటర్ల కన్వేయర్ మీద బెల్టు మొత్తం పొడవు సుమారు 1010 మీటర్లు. బెల్టు జాయింటు మీ ముందు నుంచి వెళ్లి మళ్లీ మీ ముందుకు రావడానికి పట్టే సమయం చూడండి. 6 నిమిషాలు పడితే వేగం 2.8. రక్షణ కంచె బయట నిలబడి కంటితో చూస్తే చాలు. తిరుగుతున్న బెల్టు మీద చేయి మాత్రం వేయవద్దు.

[దృశ్యం: ఎలక్ట్రికల్ గదిలో డ్రైవ్ ప్యానెల్. తెరపై 50 నుంచి అంకె దిగుతుంది.]

వేగం మార్చడానికి పాత దారులు ఉన్నాయి. రాతి క్రషర్లలో వీ-బెల్టు పుల్లీ మారుస్తారు, మరికొన్ని చోట్ల గేర్‌బాక్స్ నిష్పత్తి మారుస్తారు. అవి ఒక్కసారి చేసే మార్పులు. గంటగంటకూ మారే సరుకుకు తగ్గట్టు వేగం మారాలంటే వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) కావాలి. అది మోటారుకు వెళ్లే కరెంటు ఫ్రీక్వెన్సీని, దానితో పాటే వోల్టేజీని మారుస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర 2.8 మీటర్లు ఉన్న మన బెల్టు 28.6 హెర్ట్జ్ దగ్గర 1.6 మీటర్లకు వస్తుంది.

పాత కన్వేయర్‌కు డ్రైవ్ బిగించేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఒకటి ఉంది. మోటారుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న ఫ్లూయిడ్ కప్లింగ్‌ను అలాగే వదిలేస్తారు. ఆ కప్లింగ్ నూనె ద్వారా బలాన్ని అందిస్తుంది. అది అందించగల టార్కు, అంటే తిప్పే బలం, తిరిగే వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే టార్కు పావు వంతే. కానీ బెల్టు అడిగే టార్కు తగ్గలేదు. పైగా వేగం తగ్గించాక మీటరుకు బొగ్గు పెరిగింది కాబట్టి ఇంకాస్త ఎక్కువే అడుగుతుంది. ఫలితంగా కప్లింగ్ లోపల జారి, నూనె కాగి, ఫ్యూజిబుల్ ప్లగ్ అనే బిరడా కరిగి నూనెంతా బయటకు చిమ్ముతుంది. వీఎఫ్‌డీ పెడితే ఆ స్థానంలో మామూలు కప్లింగ్ వేయండి. మెల్లగా స్టార్ట్ చేసే పని డ్రైవే చూసుకుంటుంది.

మోటారు విషయం కూడా గుర్తుంచుకోవాలి. దాని ఫ్యాన్ దాని షాఫ్టు మీదే ఉంటుంది. మోటారు నెమ్మదిస్తే గాలీ తగ్గుతుంది. చాలాసేపు తక్కువ వేగంతో నిండు బరువు లాగాలంటే విడిగా తిరిగే ఫ్యాన్ ఉన్న మోటారు కావాలి.

[దృశ్యం: ఎగువకు వంగి సాగే కన్వేయర్. పక్కన రెండు అంకెలు.]

మరి కరెంటు ఎంత మిగులుతుంది? ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవాలి. మన 500 మీటర్ల బెల్టు బొగ్గును 30 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది అనుకుందాం. గంటకు 600 టన్నులను ఆ ఎత్తుకు లేపడానికే 49 కిలోవాట్లు కావాలి. బెల్టు వేగం ఎంత తగ్గించినా ఇందులో ఒక్క వాటు కూడా తగ్గదు. టన్నులు అవే, ఎత్తూ అదే కదా. మిగిలేది ఖాళీ బెల్టునూ రోలర్లనూ తిప్పే ఖర్చులో మాత్రమే. బెల్టు, రోలర్లు కలిపి మీటరుకు 70 కిలోలు, రాపిడి గుణకం 0.025 అని వేసి చూస్తే 2.8 నుంచి 1.6కు దించినప్పుడు మిగిలేది సుమారు 10 కిలోవాట్లు. మొత్తం 93లో 10. రోజుకు 16 గంటలు నడిస్తే 160 యూనిట్లు.

చదునుగా, పొడవుగా సాగే కన్వేయర్ మీద లాభం ఇంతకంటే బాగుంటుంది. నిటారుగా ఎక్కే పొట్టి కన్వేయర్ మీద డ్రైవ్ ఖరీదు కూడా రాకపోవచ్చు. సగానికి సగం మిగులుతుందని ఎవరైనా చెబితే, ఎత్తెంతో అడగండి. నా దృష్టిలో అసలు లాభం కరెంటు కన్నా అరుగుదలలో ఉంది. బెల్టు నెమ్మదిస్తే ప్రతి మీటరూ చ్యూట్ కిందకు వచ్చి దెబ్బ తినే సార్లు తగ్గుతాయి. రోలర్ల బేరింగులు తక్కువ తిరుగుతాయి. ధూళి తక్కువగా లేస్తుంది.

[దృశ్యం: జంక్షన్ టవర్. ఒక బెల్టు నుంచి చ్యూట్ ద్వారా మరో బెల్టు మీదకు బొగ్గు. చ్యూట్ తనిఖీ కిటికీ దగ్గరగా.]

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన చోటికి వచ్చాం. ఒక్క బెల్టు ఎక్కడా ఒంటరిగా ఉండదు. రామగుండం ఎన్టీపీసీనే తీసుకోండి. పాత 7 యూనిట్లే 2,600 మెగావాట్లు. సింగరేణి గనుల నుంచి ప్రత్యేక రైలు మార్గంలో వచ్చే బొగ్గు, వ్యాగన్ల నుంచి బాయిలర్ బంకర్ల దాకా ఒక బెల్టు మీద నుంచి మరో బెల్టు మీదకు దూకుతూ వెళ్లాలి.

మొదటి బెల్టు గంటకు 1000 టన్నులు తెస్తోంది. ఎవరో తొందరపడి కింది బెల్టు వేగం 60 శాతానికి తగ్గించారు. దాని సామర్థ్యం ఇప్పుడు గంటకు 725 టన్నులే. మిగతా 275 టన్నులు ఎక్కడికి పోవాలి? చ్యూట్‌లోకే. అంటే సెకనుకు 76 కిలోలు. చ్యూట్‌లో 3 టన్నులు పడతాయనుకుంటే 40 సెకన్లలో పూడిపోతుంది. కంట్రోల్ రూంలో మనిషి ఫోను ఎత్తి మాట్లాడేలోపు అయిపోతుంది.

పూడిన చ్యూట్‌ను నేను దగ్గర నుంచి చూశాను. తనిఖీ కిటికీ తెరిస్తే లోపల నల్లటి గోడ. ఎనిమిది మంది గడ్డపారలతో నాలుగు గంటలు తవ్వారు. ముక్కుకు కట్టుకున్న గుడ్డలు నల్లబడిపోయాయి. ఆ రోజు నుంచి ఈ వరుస నేను ఎవరికి నేర్పినా మొదటే చెబుతాను: తగ్గించేటప్పుడు ముందు ఫీడరు, తర్వాత పై బెల్టు, ఆఖరున కింది బెల్టు. పెంచేటప్పుడు ముందు కింది బెల్టు, తర్వాత పై బెల్టు, ఆఖరున ఫీడరు. మధ్యలో పై బెల్టు మీద ఉన్న బొగ్గు దిగిపోయేంత సమయం ఇవ్వాలి. మన 500 మీటర్ల బెల్టుకు అది 3 నిమిషాలు.

వేగం మారితే బొగ్గు దూకే తీరూ మారుతుంది. 2.8 మీటర్ల వేగంతో వచ్చిన బొగ్గు మీటరున్నర కిందకు పడేలోగా మీటరున్నర ముందుకు వెళ్తుంది. 1.6 దగ్గర 90 సెంటీమీటర్లు కూడా దాటదు. చ్యూట్ గోడకు తగిలే చోటు మారి, కింది బెల్టు మీద బొగ్గు ఒక పక్కకు పడుతుంది. బెల్టు రెండో పక్కకు జరగడం మొదలుపెడుతుంది. కాబట్టి 5 హెర్ట్జ్ చొప్పున దించుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, కింది బెల్టు మధ్యలో బొగ్గు పడుతోందా అని చూడాలి. బెల్టు తటతటా ఊగే వేగం ఏదైనా కనిపిస్తే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఆగకుండా దాటేలా డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు.

[దృశ్యం: టెయిల్ పుల్లీ (బెల్టు వెనక చివరి డ్రమ్ము) పక్కన చిన్న సెన్సర్, దాని ఎర్ర దీపం మినుకుతోంది.]

ఈ చిన్న సెన్సర్ పేరు జీరో స్పీడ్ స్విచ్. డ్రమ్ము తిరుగుతూ బెల్టు ఆగిపోతే, రబ్బరు రాపిడికి కాలి మంట పుడుతుంది. పైన బొగ్గు, చుట్టూ బొగ్గు ధూళి. ఆ జారుడును పసిగట్టేది ఈ స్విచ్చే. మామూలుగా దీన్ని పూర్తి వేగంలో ఫలానా శాతానికి, ఉదాహరణకు 80 శాతానికి, కట్టిపెడతారు. ఇప్పుడు మనం కావాలనే వేగాన్ని 57 శాతానికి తెచ్చాం. స్విచ్ బెల్టును ఆపేస్తుంది. అప్పుడు కొందరు చేసే పని స్విచ్‌ను బైపాస్ చేయడం. దయచేసి ఆ పని చేయకండి. మీ షిఫ్టులో గ్యాలరీలో నడిచే మనుషుల ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. డ్రైవ్ ఇస్తున్న వేగాన్నీ, టెయిల్ పుల్లీ అసలు వేగాన్నీ పోల్చేలా ప్రోగ్రాం మార్చించండి. రెండింటి మధ్య తేడా వస్తేనే ఆగాలి.

ఎగువకు ఎక్కే కన్వేయర్ అయితే గేర్‌బాక్స్ మీది హోల్డ్‌బ్యాక్, అంటే బెల్టు వెనక్కి తిరగకుండా ఆపే భాగం, కూడా చూడండి. కొన్ని రకాల్లో లోపలి ముక్కలు ఒక వేగం దాటాకే పైకి లేచి రాపిడి లేకుండా తిరుగుతాయి. అంతకంటే తక్కువలో రోజంతా నడిపితే అవి అరిగిపోతాయి. ఆ కనీస వేగం తయారీదారు పుస్తకంలో ఉంటుంది.

[దృశ్యం: వాన. తడిసిన బొగ్గు కుప్ప. చ్యూట్ గోడకు అంటుకున్న బురద బొగ్గు.]

చివరిగా వానాకాలం. జూలై, ఆగస్టుల్లో వచ్చే బొగ్గు తడిసి జిగటగా ఉంటుంది. ఎండు బొగ్గు చ్యూట్ గోడను తాకి జారిపోతుంది. తడి బొగ్గుకు ఆ జారుడు ఉండదు, వేగంగా వచ్చి తగిలితేనే గోడను వదులుతుంది. ఎండాకాలంలో 28 హెర్ట్జ్ దగ్గర హాయిగా నడిచిన లైను, మొదటి వానకే పట్టేస్తుంది. అందుకని వానలు మొదలయ్యాక కనీస వేగాన్ని 40 హెర్ట్జ్‌కు పెంచి, ఆ అంకెను కంట్రోల్ రూం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. కుప్ప ఆరిందని యార్డు నుంచి కబురు వచ్చాకే చెరపండి.

[దృశ్యం: బోర్డు మీద సుద్దతో రాసిన "40". వాన చప్పుడు.]