నొప్పి ఎక్కడుందో అక్కడే కొత్త వ్యాపారం

సభకు నమస్కారం.

రాబోయే పదేళ్లలో ఏ రంగం ఎటు పోతుందో చెప్పమన్నారు. ఏఐ, డ్రోన్లు, రోబోలు అంటూ పేర్లు చదివితే మీకు ఒరిగేదేమీ ఉండదు. ఏ రంగానికైనా నేను వేసే మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ పనిలో నొప్పి ఎవరిది?

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు ఆసు పోసేవారు. పోచంపల్లి చీర నేయడానికి ముందు పట్టు పోగును అర్ధచంద్రాకారంలో అమర్చిన కొయ్యల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోవాలి, అదే ఆసు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు వెళ్లి రావాలి. నాలుగైదు గంటల పని. ఇంట్లో ఆడవాళ్లే చేసేవారు, భుజాలు పట్టేసేవి. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మల్లేశం గారు ఏళ్ల తరబడి తంటాలు పడి 1999 నాటికి ఆ పనికి యంత్రం తయారుచేశారు. గంటన్నరలో ఆసు అయిపోయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇందులో నేను ఎక్కువగా మెచ్చుకునేది ఆయన వదిలేసిన దాన్ని. మగ్గం జోలికి పోలేదు, నేత నేతలాగే ఉంది. భుజాన్ని తినేసే ఆ ఒక్క మెట్టునే పట్టుకున్నారు. ఈ నిగ్రహం మన స్టార్టప్‌లలో తక్కువ. ఉన్నదంతా పీకేసి కొత్తగా కట్టాలని చూస్తారు.

మందుల రంగంలో నొప్పి ధర దగ్గర ఉండేది. దిగుమతి అయ్యే హెపటైటిస్-బి టీకా డోసు వందల రూపాయలు పలికే రోజుల్లో, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరైన వరప్రసాద్ రెడ్డి గారు 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. 1997లో స్వదేశీ టీకా వచ్చింది. తర్వాత మరికొన్ని కంపెనీలూ దిగడంతో ధర సామాన్యుడికి అందేంతగా పడిపోయింది. మామూలు కుటుంబం కొనగలిగే ధర ఎంతో ముందే అనుకుని ఆ లెక్కకు తయారీని ఒప్పించడం ఎంత కష్టమో ఫ్యాక్టరీ నడిపే మీకు నేను చెప్పనక్కర్లేదు.

చిల్లర వ్యాపారానికి వస్తే, 2016లో యూపీఐ వచ్చింది. కానీ బజ్జీలు వేసేవాడు నూనె చేతులతో ఫోను చూసుకోలేడు. డబ్బు పడిందని తెలుగులో పలికే చిన్న పెట్టె ఆ ఇబ్బంది తీర్చింది.

ఇక రాబోయే రోజుల సంగతి. నా చూపు భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఉంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్ ఆగితే పంట పోతుందని రైతు గట్టు మీదే నిద్ర కాస్తాడు. ఆక్సిజన్ కొలిచి, అవసరమైనప్పుడే ఏరేటర్ వేసే సెన్సర్లు ఇప్పటికే ఉన్నాయి. కరెంటు బిల్లూ కలిసొస్తుంది. అయితే చెరువు నీళ్లలో సెన్సర్‌కు నాచు పడుతుంది, తుడవకపోతే తప్పుడు లెక్క చూపిస్తుంది. దాన్ని ఎవరు తుడుస్తారు? రాత్రి రెండింటికి అలారం మోగితే ఎవరు వస్తారు? నా అంచనాలో అసలు వ్యాపారం సెన్సర్ అమ్మడంలో లేదు, చెరువుకు ఇంత అని నెలవారీ రుసుముతో ఈ సేవ నడపడంలో ఉంది. మండలంలో పదిమంది ఐటీఐ కుర్రాళ్లకు పని దొరుకుతుంది. మీలో ఆక్వా వైపు సర్వీసు నడిపేవాళ్లుంటే ప్రశ్నల సమయంలో ముందు మీరే మాట్లాడండి. ఆ రుసుము ఎంతైతే రైతు ఒప్పుకుంటాడో మీ నోటే వినాలని ఉంది.