ఎదుటివారి సరుకు, మన పేరున వేలం

అందరికీ నమస్కారం.

గరాజ్ నిండా సామాను పెట్టుకుని, పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఇంటికి మారబోయే కుటుంబాలు అమెరికాలో మన చుట్టూ చాలానే ఉన్నాయి. వాళ్ల దగ్గర సరుకుంది. ఫొటోలు తీసి, కొనేవాళ్ల ప్రశ్నలకు జవాబులిచ్చి, డబ్బా కట్టి పంపే ఓపిక లేదు. ఆ పని కమిషన్ మీద మనం చేసిపెట్టడమే ఈ వ్యాపారం. వేదిక ఈబే (ఆన్‌లైన్‌లో వేలం వేసి, అమ్మే సైటు) అనుకునే మాట్లాడతాను.

ముందుగా ఒక హెచ్చరిక. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు దయచేసి ఈ పనికి దిగకండి. హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఈఏడీ (పని అనుమతి) కార్డు చేతికొచ్చాకే మొదలుపెట్టండి. పాత సామాను అమ్మడానికీ, వేలం వేయడానికీ కొన్నిచోట్ల లైసెన్సు అడుగుతారు. మీ సిటీ ఆఫీసులో కనుక్కోండి.

ఇక లెక్క. కమిషన్ 35 శాతం, ఈబే రుసుము మన వాటాలోంచే అనుకుందాం. వస్తువు 100 డాలర్లకు పోయింది. రవాణా 12 డాలర్లు కొన్నవాళ్లే ఇచ్చారు, అమ్మకం పన్ను 8 శాతం. ఈబే రుసుము వస్తువు ధర ఒక్కదాని మీదే పడదు. రవాణా, పన్ను కలిపిన 120.96 మీద పడుతుంది. 13.6 శాతం చొప్పున 16.45, ఆర్డరుకు మరో 40 సెంట్లు. డబ్బా, టేపు ఒకటిన్నర డాలరు. మన 35లో మిగిలేది 16.65. అదే లెక్క 20 డాలర్ల వస్తువుకు వేయండి: కమిషన్ 7, రుసుము 5.10, డబ్బా 1.50. మిగిలేది 40 సెంట్లు! చాకిరీ మాత్రం రెండింటికీ ఒకటే. 75 డాలర్లలోపు పలికేదాన్ని మొహమాటానికి పోయి తీసుకోకండి. ఈ వ్యాపారం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఎంత పలుకుతుందో తెలియాలంటే ఈబేలో 'సోల్డ్ ఐటమ్స్' చూడాలి. గత 90 రోజుల్లో నిజంగా అమ్ముడైనవి అక్కడ ఉంటాయి. అదే మోడల్, అదే స్థితిలో ఉన్న పది అమ్మకాలు యజమానికి చూపించండి. వాళ్ల మనసులోని ధర దానికి రెట్టింపైతే అక్కడే దండం పెట్టి వచ్చేయడం మంచిది.

సరుకు చేతికొచ్చాక పరీక్ష మనదే. 1976లో వచ్చిన కేనన్ ఏఈ-1 కెమెరా తీసుకుందాం. "అన్నీ పనిచేస్తాయండీ" అనే ఇస్తారు. ఆరు వోల్టుల బ్యాటరీ వేయనిదే దాని షట్టర్ కదలదు, కాబట్టి వేసి చూడండి. నొక్కినప్పుడు కీచుమంటే అది ఆ మోడల్‌కు తరచూ వచ్చే జబ్బు. వెనక తలుపు తెరిచి, అంచుల్లోని నల్ల స్పాంజి వేలికి జిగటగా అంటుతోందేమో చూడండి. లెన్సులోకి టార్చి వేస్తే సాలెగూటి పోగుల్లాంటివి కనబడితే బూజు పట్టినట్టు. ఇవన్నీ వివరణలో రాయండి, ఫొటోలు పెట్టండి. వివరణకూ వస్తువుకూ పొంతన లేదని కొన్నవాళ్లు సరుకు అందిన 30 రోజుల్లో తిప్పి పంపొచ్చు. 'వాపసు లేదు' అని రాసుకున్నా ఆగదు. తిరుగు రవాణా ఖర్చూ మనకే.

వేలం రక్తి కట్టాలంటే ఇద్దరికి గట్టిగా కావాలి. ఒకరు 200 దాకా పాడటానికి సిద్ధపడ్డా, రెండోవారు 60 దగ్గర ఆగిపోతే వస్తువు పోయేది 61కే. పేరున్న కెమెరాలు, గడియారాలు ఏడు రోజుల వేలానికి పెట్టండి; అరుదుగా ఎవరో ఒకరు వెతికే వస్తువులను స్థిర ధరకే పెట్టండి. రిజర్వ్ ధర (ఇంతకు తక్కువైతే అమ్మనని పెట్టే హద్దు) పెడితే, వస్తువు పోకపోయినా దాని రుసుము పోతుంది.

కాగితం మీద ఒప్పందం లేకుండా సరుకు ముట్టుకోకండి. వస్తువు తమదేననీ, దొంగ సొత్తు కాదనీ యజమాని సంతకం పెట్టాలి. తానుగానీ, చుట్టాలుగానీ ధర పెంచడానికి పాడకూడదని రాయించండి. దొంగ పాట పట్టుబడితే మూతపడేది మన ఖాతా. పాట మొదలయ్యాక "మా అమ్మాయి వద్దంటోంది" అంటే ఏం చేయాలో కూడా రాసుకోండి, ఎందుకంటే పాటలు పడ్డ వేలాన్ని చివరి 12 గంటల్లో రద్దు చేయలేం.

డబ్బా కట్టేటప్పుడు చిన్న డబ్బాను పెద్ద డబ్బాలో పెట్టి, చుట్టూ రెండంగుళాల మెత్తని పొర ఉంచండి. అలాగని అవసరానికి మించిన డబ్బా వాడకండి. మూడువైపులా అడుగున్న డబ్బా కొలతలను అంగుళాల్లో గుణించి 139తో భాగిస్తే 12.4, లోపల రెండు పౌండ్లే ఉన్నా ఫెడెక్స్ 13 పౌండ్ల కింద లెక్కేస్తుంది.

యజమాని వాటాను, కొన్నవాళ్లకు సరుకు అందిన 35 రోజుల తర్వాత ఇవ్వండి; వాపసు గడువు దాటిపోతుంది. అప్పటిదాకా ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలవకుండా వేరే బ్యాంకు ఖాతాలో ఉంచండి. 1099-కె ఫారం (మీ అమ్మకాల మొత్తాన్ని పన్నుశాఖకు తెలిపే కాగితం) వస్తే అందులో యజమానుల వాటాతో సహా మొత్తం అమ్మకం మీ పేరునే ఉంటుంది. ఒక్కో వస్తువుకు ఒక్కో రసీదు, ఎవరికి ఎంత ఇచ్చారో యజమాని సంతకంతో దాచి ఉంచితే పన్ను లెక్కల రోజున అదే మీకు ఆధారం.